రేడియేటరు నీళ్లు ఎటు పోతున్నాయి?

వేసవి వచ్చిందంటే నరసాపురం ప్రాంతంలో కార్లున్న ఇళ్లలో ఒక అలవాటు కనిపిస్తుంది: బయలుదేరే ముందు రేడియేటరు డబ్బాలో చెంబెడు నీళ్లు పోయడం, నాలుగు రోజులకు మళ్లీ పోయడం. మూత బిగించిన ఆ వ్యవస్థలో నీరు నెలలు గడిచినా తరిగేది బహు స్వల్పం. మాటిమాటికీ పోయవలసి వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నదన్నమాట, లేదా ఇంజను లోపలికే పోతున్నదన్నమాట.

పోసే నీటి విషయమూ ఉన్నది. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో చాలా ఇళ్లకు బోరు నీరే దిక్కు. సముద్రతీరాన ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. అది అల్యూమినియం రేడియేటరును తినివేస్తుంది, సన్నని గొట్టాలలో పొక్కు కడుతుంది. మంచు కురవని ఊళ్లో కూలెంటు దేనికని కొందరు అడుగుతారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పును నివారించడం, మరిగే స్థాయిని పెంచడం మనకు కావలసినవి. కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటును బ్యాటరీ నీళ్లతో సాధారణంగా సగం సగం కలపాలి. ముందే కలిపి అమ్మే డబ్బాలలో మళ్లీ నీరు కలపనక్కరలేదు.

పరీక్షకు ఫజ్ర్ నమాజు తరువాతి వేళ అనువైనది. అప్పటికి ఇంజను పూర్తిగా చల్లబడి ఉంటుంది. డబ్బాపై నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, మూడు నాలుగు ఉదయాలు చూడండి. రాత్రి కారు కింద అట్టముక్క పరచండి. రంగూ వాసనా లేని నీటిచుక్కలు ఏసీవి, వాటికి భయపడనక్కరలేదు. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, వేలికి జారుడుగా తగిలితే అది కూలెంటు. నల్లని జిడ్డయితే ఇంజను ఆయిలు. అట్ట పొడిగానే ఉన్నా గీత దిగుతున్నదా? గొట్టాల క్లిప్పుల వద్ద, రేడియేటరు అంచుల వెంట, వాటర్ పంపు కింద ఎండిన చారలను టార్చి వేసి వెదకాలి. ముందు సీటు కింద తివాచీ తడిసి తియ్యని వాసన వస్తే హీటరు గొట్టం కారుతున్నట్లు. ఆయిలు పుల్లకు పాలు కలిపిన టీ రంగు నురుగు అంటినా, పొగగొట్టం నుండి తెల్లపొగ ఆగకుండా వచ్చినా హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇక ఆ కారును నడపకూడదు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించాలి.

సఖినేటిపల్లి పంటు కోసం రేవులో వరుసలో నిలిచినప్పుడు వేడి ముల్లు పైకెక్కి, రోడ్డెక్కి కదలగానే దిగిపోతే లోపం బహుశా ఫ్యానుదో, దాని ఫ్యూజుదో. హైవేపై వేగంగా పోతున్నప్పుడే ఎక్కితే రేడియేటరు పూడుకుపోయిందేమో, థర్మోస్టాట్ బిగుసుకుపోయిందేమో చూపించాలి. ఏదైనా సరే, వెంటనే ఏసీ ఆపి, కారును పక్కకు నిలిపి ఇంజను కట్టేయాలి. మూత మాత్రం తీయకూడదు. ఒత్తిడి వలన లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులు కాగానే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట ఆగాలి. పక్కన నిలబడే పిల్లలను ముందుగా దూరం పంపాలి.

రేడియేటరులో పసుపు వేస్తే కారడం ఆగుతుందని దారి పక్కన చెబుతుంటారు. చిన్న చిల్లు కొన్నాళ్లు మూసుకోవచ్చు, దానితోపాటు సన్నని గొట్టాలూ మూసుకుంటాయి. ఇల్లు చేరడానికయితే ఒక మాట. పసుపు వేసి, కారడం ఆగిందని చూపి, కారును అమ్మివేయడం వేరే సంగతి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి అడుగున తడిని కనిపెట్టిన దైవప్రవక్త (స), ఆ తడి భాగాన్ని కొనేవారికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. కారే రేడియేటరు అలాంటి తడే. కొనేవారికి లోపం చెప్పి, ఆ మేరకు ధర తగ్గించుకోవాలి. కొనేటప్పుడు మనమూ చల్లని ఇంజను మూత తీయించి నీటి రంగు చూడాలి.

కూలెంటు తియ్యగా ఉంటుంది, కానీ అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. పళ్లెంలో వదిలేస్తే పిల్లలు, పిల్లులు నోట పెడతారు. నేలపై పడినదాన్ని ఇసుక చల్లి ఎత్తివేయాలి. మార్చిన పాత కూలెంటును కాలువలో పారబోయక, మూతగల డబ్బాలో పోసి వర్క్‌షాపుకు అప్పగించాలి.