అంతర్జాలము – మన పిల్లలు



పిల్లవానిని వీధిలోనికి పంపునపుడు "ఎవరేమి పెట్టినను తినకుము, పిలిచినచోటికెల్ల పోకుము" అని చెప్పని తల్లి లేదు. ఇప్పుడా వీధియే యింటిలోనికి వచ్చి పిల్లల యరచేతిలో నిలిచియున్నది. దానికి తలుపు లేదు, కావలివాడు లేడు. దాని మలుపులు పిల్లలకు తెలిసినంతగా తల్లులకు తెలియవు. కావున అంతర్జాలమున మెలగు తీరును బడులలో నేర్పుటను గూర్చియు, అందులకు గృహిణి చేయవలసిన సాయమును గూర్చియు ఈ నెల ముచ్చటింతము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి – ఈ మూడును 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లానుండి వేరుపడిన జిల్లాలు. ఒకచోట సింగరేణి గనులలో పనిచేయు కుటుంబములు, వేరొకచోట లంబాడీ తండాలు, మరియొకచోట సేద్యమునే నమ్మిన పల్లెలు. తండ్రి గనికో పొలమునకో పోవును. తల్లి మిరపకాయ లేరుటకో నాటువేయుటకో పోవును. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, కరోనా కారణమున, సర్కారు బడుల పాఠములను టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా చెప్పసాగిరి. పాఠము పేర పెక్కిండ్లలో ఫోను పిల్లల చేతికి వచ్చెను; బడులు తెరచిన పిమ్మటను మరలిపోలేదు. చదువురాని తల్లిదండ్రులున్న యింట బ్యాంకు సందేశము చదువువాడును, డబ్బు పంపువాడును ఆ పసివాడే. అనగా ఇంటి తాళపుచెవి వానియొద్దనే యున్నదన్నమాట.

ఈ యవసరమును గుర్తించియే 2021లో తెలంగాణ పోలీసుశాఖవారి మహిళా భద్రతా విభాగము, పాఠశాల విద్యాశాఖతో కూడి 'సైబర్ కాంగ్రెస్' అను కార్యక్రమమును తలపెట్టినది. 33 జిల్లాలలోను 1650 సర్కారు బడులను ఎన్నుకొని, విద్యార్థులకు శిక్షణ యిచ్చి, వారిని 'సైబర్ అంబాసిడర్లు'గా జేసి, తోడిపిల్లలకు వారిచేతనే చెప్పించుట ఇందలి పద్ధతి. ఇది మెచ్చదగినదే. పెద్దలకు చెప్పని మాటను పిల్లలు తమ యీడువారికి చెప్పుదురుగదా! అయితే శిక్షణ పొందిన పిల్లలు పదవ తరగతి ముగించి వెడలిపోవుదురు. మోసగాండ్రు మాత్రము ఏటేట క్రొత్తవేషములతో వచ్చుచునే యుందురు. కావున ఈ బోధన ఒక యేటి యుత్సవము గాక, లెక్కలవలె ప్రతియేటను, ప్రతి తరగతియందును సాగవలయును.

ఏమి నేర్పవలెను? "చేయకుడు" అని మాత్రము చెప్పిన చాలదు. ఏల చేయరాదో తెలుపవలెను. డబ్బు మనకు వచ్చుటకు పిన్ను నొక్క నక్కరలేదు. పిన్ను నొక్కుట డబ్బు పోవుటకే. ఈ యొక్క సూత్రము తెలిసిన బిడ్డ ఇంటి సొమ్మును కాపాడగలడు. ఓటీపీ యనునది తాళపుచెవి వంటిది. బ్యాంకువారమని చెప్పినను ఇతరులకు చెప్పరాదు. పన్నెండేండ్ల బాలికనని వ్రాయువాడు నలువదేండ్లవాడు కావచ్చును. ఒకసారి పంపిన ఛాయాపటము మరల మన చేతికి రాదు. పంపకున్నను, ముఖమును మాత్రము గైకొని కృత్రిమ మేధచే అసభ్యమైన బొమ్మను సృజించువారును నేడున్నారు. ఇక పందెపు ఆటలమాట: తెలంగాణమున 2017లోనే ఆన్‌లైను జూదమును నిషేధించిరి, 2025లో దేశమంతటికిని డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము వచ్చినది.

ఇంతవరకు బడి నేర్పగలదు. బడి చేయలేని పని యొకటి కలదు. ఒక బాలికను ఎవడో "నీ బొమ్మ అందరికిని పంపుదును" అని బెదరించెననుకొందము. ఆమె మొదట భయపడునది వానికి గాదు, ఇంటివారికి. చెప్పినచో ఫోను లాగుకొందురు, బడి మాన్పింతురు, ఏదో యొక సంబంధము చూచి పెండ్లి చేసి చేతులు దులుపుకొందురు. ఈ సంగతి ఆమెకు తెలియును, వానికిని తెలియును. వాని బలమంతయు ఆ పిల్ల మౌనములోనే యున్నది. తల్లి "ఏమైనను నాతో చెప్పుము, నీ చదువు మాన్పింపను" అని ముందుగానే మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనెనా, వాని చేతి కత్తి మొద్దువారును. ఆ మాట యీయని యింట బడి చెప్పిన పాఠమెంత మంచిదైనను అక్కరకు రాదు.

ఆపద వచ్చినపుడు సిగ్గుచే సందేశములను చెరిపివేయరాదు, అవియే సాక్ష్యము. స్క్రీన్‌షాట్లు తీసి దాచవలెను. ఒక్క రూపాయియు పంపరాదు. ఒకసారి యిచ్చిన మరల మరల అడుగుదురు. సొమ్ము పోయినచో జాగు సేయక 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును నడుమనే నిలుపుట కంత వీలుండును. బిడ్డల యాపదకు 1098 కలదు. 2014లో మొదలైన షీ టీములును కలవు.

ఠాణా మెట్లెక్కిన పరువు పోవునని పలువురు జంకుదురు. లైంగిక నేరములనుండి బాలలను రక్షించుటకై 2012లో చేసిన పోక్సో చట్టము ఈ జంకును తీర్చుటకే కొన్ని యేర్పాట్లు చేసినది. బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దనో, బిడ్డ కోరినచోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు మహిళా అధికారియే రావలెను. అధికారి ఖాకీదుస్తులు ధరింపరాదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో నుంచరాదు. పేరునుగాని, ఊరునుగాని, బడినిగాని పత్రికలలో బయలుపరుపరాదు. ఈ సంగతులను బాలికలకంటె ముందుగా తల్లులెరుగవలెను.

సోదరీమణులారా! ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశము జరిగినపుడు మార్కులతోపాటు ఈ పాఠమును గూర్చియు అడుగుడు. మీ మహిళాసంఘపు కూటమిలో పొదుపులెక్క ముగిసిన పిమ్మట పది నిమిషములు దీనికి వినియోగింపుడు. రాత్రి భోజనమైన తరువాత ఫోనును బిడ్డ చేతికిచ్చి, "నాకును నేర్పుము" అని ప్రక్కన కూర్చుండుడు. తల్లికి నేర్పిన పాఠమును బిడ్డ మరువదు. తల్లి ప్రక్కన కూర్చుండు నలవాటున్న యింట బిడ్డకు దాచవలసిన మాటయు నుండదు.