ఆట అన్నం పెట్టకపోతే మానిపించాలా?

గ్వెల్ఫ్‌లో నలుగురు తెలుగు తల్లిదండ్రులు కలిస్తే తప్పక వినిపించే మాట ఒకటుంది: "హాకీ ఆడితే ఏమొస్తుందండీ? పదకొండో తరగతికి రాగానే మానిపించేయండి." ఉద్యోగంగా మారే ఆటకే విలువ అన్నది మనవాళ్ల లెక్క. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఐర్లాండ్ ఆటగాడు షాన్ ఓగ్ ఓ హాల్పిన్ గుర్తొస్తాడు.

తండ్రి ఐరిష్, తల్లి ఫిజీలోని రొటుమా దీవి మనిషి. 1977లో ఫిజీలో పుట్టాడు. కొన్నేళ్లు సిడ్నీలో ఉండి, 1988లో కుటుంబంతో కార్క్ నగరానికి వచ్చాడు. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ అక్కడివాళ్ల ప్రాణం. అందులో 1999, 2004, 2005లలో కార్క్ జట్టుతో అఖిల ఐర్లాండ్ చాంపియన్ అయ్యాడు. 2005లో కెప్టెన్ అతనే. కప్పు అందుకుని ప్రసంగమంతా ఐరిష్ భాషలోనే చేశాడు.

ఇంతా చేసి, హర్లింగ్‌లో జీతాలుండవు. అతనూ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే ఆడాడు. కానీ ఎక్కడినుంచో వచ్చిన ఆ కుర్రాణ్ని కార్క్ మావాడు అని చెప్పుకుంది.

మన పిల్లలకు కావలసిందీ అదే కదా! మార్కులు ముఖ్యమే, కాదనను. వారానికి రెండు సాయంత్రాలు ఐస్ మీద గడిపినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. హాకీ ఆమెకు ఉద్యోగం ఇవ్వదని నాకు తెలుసు. అయినా వచ్చే ఏడాదీ ఫీజు కడతాను. ఈ ఊళ్లో ఆమె కోసం ఇంటి తలుపు తట్టే స్నేహితులు ఆ రింక్‌లోనే దొరికారు.