లంకలలో బస

విహారయాత్రకు వెళ్ళేవాడు చూడదగిన చోటును గురించి ఆలోచించినంతగా బస చేయదగిన చోటును గురించి ఆలోచించడు. ద్వీపమంటే నీటి నడుమనే గది కావాలంటాడు. కొల్లేటి లంకలూ ద్వీపాలే. అక్కడికి వెళ్ళేవారు ఏలూరులోనో, కైకలూరులోనో బస చేయడమే ఉచితమని నా అభిప్రాయం.

దండి దశకుమారచరితంలో వర్ణించిన ఆంధ్రదేశపు మహాసరస్సు కొల్లేరేనని పండితులు భావిస్తారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపడం ఈ సరస్సు ధర్మం. చేపల చెరువుల గట్లు ఆ ధర్మానికి అడ్డుపడ్డాయి. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందినా, 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లను తెగగొట్టవలసి వచ్చింది. మన సుఖనిద్ర కోసం సరస్సులో మెరక వేసి విడిది కట్టడమంటే ఆ గట్టునే మరొక పేరుతో మళ్ళీ వేయడం.

లంకవాసులకు ఆదాయం వద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, గట్లు తెగినప్పుడు జీవనోపాధి కోల్పోయినవారిలో వారూ ఉన్నారు. కానీ పడవ నడిపేవారికీ, చేపల పులుసు వండిపెట్టే ఇల్లాలికీ పగటి యాత్రికుడి వల్ల కూడా ఆదాయం వస్తుంది. అతడు బేరమాడకుంటే మరీ మంచిది. ఎవరైనా తమ ఇంటి అరుగు మీద చోటిస్తే కాదననక్కరలేదు. ఆ ఇంటి కోసం కొత్తగా మెరక వేయనక్కరలేదు కదా!

తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చేవారు ఏలూరులో రైలు దిగవచ్చు. శీతకాలపు ఉదయాన ఆటపాకలో పెలికాన్ పక్షులను చూడాలంటే మాత్రం కైకలూరు బసే మేలు. పక్షులను చూశాక, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మను దర్శించుకొని చీకటి పడకముందే తిరిగి రావచ్చు.