ముఖలేపనమునకు పులుపెంత?

గతమాసమున నొక సోదరి మాకు జాబు వ్రాసినది. కుమార్తెకు పెండ్లిచూపులు నిశ్చయమైనవట. ముఖమునకు నిగారింపు రావలెనని వారము దినములు నిమ్మచెక్క రుద్దించి, మంట పుట్టగా విఱుగుడని వంటసోడా కలిపిన నీటితో కడిగించినదట. చూపులనాటికి పిల్ల చెక్కిళ్లు కమిలి పొరలు లేచినవి. పులుపు మేలని విని చేసితిని, కీడాయెను. ఇక దానిని ముట్టనే కూడదా యని యామె ప్రశ్న. ఇట్టి సందేహము పెక్కు యిండ్లలో నుండును గనుక ఈ మాసము దానికే బదులు వ్రాయుచున్నాము.

పులుపు చెడ్డది కాదు. కొలత తప్పుటయే చెడ్డది. పులుపెంతయో క్షారమెంతయో తెలుపు కొలతకు పి.హెచ్. అని పేరు. దీనిని 1909లో డెన్మార్కు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పఱచెను. శుద్ధజలమునకు అంకె 7. అంతకు తగ్గినది పులుపు, మించినది క్షారము. ఒక్కొక్క మెట్టు దిగినకొలది పులుపు పదిరెట్లు హెచ్చును. ఆరోగ్యముగల చర్మపు పైపొర సుమారు 5 వద్ద నుండును. ఆ స్వల్పమైన పులుపే చర్మపు తేమను నిలిపి, చెడు సూక్ష్మజీవులు పెరుగకుండ అడ్డుపడును. నిమ్మరసము 2కును 2½కును నడుమ నుండును. అనగా చర్మముకంటె కొన్ని వందల రెట్లు పులుపు. వంటసోడా నీరో, 8 దాటును. పాపము, ఆ పిల్ల ముఖమును ఒక కొననుండి వేఱొక కొనకు ఈడ్చినట్లయినది. నిమ్మజాతి రసము పూసికొని యెండలోనికి వెళ్లినచో బొబ్బలు లేచి నల్లమచ్చలు నిలుచుట కూడ కలదు.

సెనగపిండిని పెరుగుతో కలిపి నలుగుపెట్టుట మన కందఱకును తెలిసినదే. పెరుగు సుమారు 4½ వద్ద నుండును. అది చర్మమునకు చేరువైన పులుపు. నిమ్మరసమునకును పెరుగునకును గల భేదమిదియే.

ఇంట లేపనములు చేసికొనువారు నిమ్మరసము పిండక, నిమ్మఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లమును వాడుట మేలు; దానిని తూచి వేయవచ్చును. 90 గ్రాముల శుద్ధజలములో 10 గ్రాముల నిమ్మఉప్పు కరగింపవలెను. నీటివలె పలుచనైన లేపనమునకు దీనిని మరల పదిరెట్లు పలుచన చేయవలెను. లేనిచో ఒక్క చుక్కకే అంకె మిక్కిలి దిగిపోవును. చేసిన లేపనములో నాలుగవవంతు ముందుగా వేఱుంచి, మిగిలినదానిని అంకెలు తెలుపు పి.హెచ్. కాగితముతో పరీక్షింపవలెను. గట్టి లేపనమైనచో కొంచెము తీసి శుద్ధజలముతో పలుచన చేసి చూడవలెను. 5కును 5½కును నడుమ నున్నచో పులుపు కలుపనక్కఱయే లేదు. మించినచో చుక్క వేయుట, బాగుగా కలియబెట్టుట, మరల చూచుట. తొందర పనికిరాదు. పొరబాటున పులుపు హెచ్చినచో సోడా వేయక, వేఱుంచిన భాగమును కలుపవలెను. కాగితము లేనిచో ఈ పనికి పూనుకొనవలదు. నాలుకతో రుచి చూచి నిర్ణయించుట పిండివంటలకే గాని ముఖమునకు గాదు.

సబ్బును మాత్రము ఈ విధముగా సవరింపజాలము. నూనెకు క్షారము చేర్చి చేసిన సబ్బు స్వభావముచేతనే 9, 10 వద్ద నుండును. పులుపు పోసినచో సబ్బు విఱిగి క్రొవ్వు పైకి తేలును.

నీరు కలిసిన లేపనము పులుపు సరిపోయినంతమాత్రమున నిలువయుండదు. కొద్దిగా చేసి, ఫ్రిజ్‌లో నుంచి, రెండు మూడు దినములలో వాడి, మిగిలినది పాఱవేయవలెను. ముఖమునకు పూయుటకు ముందు ముంజేతి లోపలివైపు రాచి ఒక దినము చూడుడు. చర్మము చిట్లియున్నను, గజ్జివంటిది యున్నను వైద్యునడుగక ఏదియు పూయరాదు.

ఇక ఆ సోదరికి మా మాట: అమ్మాయి ముఖమునకు కొన్నాళ్లు పులుపును వలదు, సోడాయు వలదు. చల్లనినీటితో కడిగి, పరిమళము లేని వాజిలీన్ పలుచగా రాచి, ఎండ తగులకుండ చూడుము. మంట తగ్గకున్నచో వైద్యునికి చూపుము. లేపనము చర్మమును కాపాడుటకే గాని, పుట్టుకతో వచ్చిన రంగును మార్చుటకు గాదు. ఆ రంగును చూచి పెదవి విఱుచు సంబంధము తప్పిపోయినను చింతింపవలదు.