ఆకాశంలో అల్లిక

కొత్త ఉపగ్రహాలు కక్ష్యలో చేరిన ప్రతిసారీ పత్రికలు వాటి సంఖ్యను ఘనంగా ప్రకటిస్తాయి. కాని అంతర్జాల సేవకు ఉపగ్రహాల సంఖ్య కంటె వాటి అల్లిక ముఖ్యం. గణాలు లెక్కకు సరిపోయినంత మాత్రాన వృత్తపద్యం కాదు. యతిప్రాసలు కూడా కుదరాలి కదా!

భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమి మీదివారికి అది కదలనట్లే తోస్తుంది. అయితే సంకేతం అంత ఎత్తుకు పోయి దిగివచ్చేసరికి దాదాపు పావు సెకను గడిచిపోతుంది. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలకు ఈ ఆలస్యం అతిస్వల్పం. కాని అవి గంటన్నరకొకమారు భూమిని చుట్టివస్తాయి. ఒక ఊరికి కొద్ది నిమిషాలు మాత్రమే కనబడతాయి. కనుక ఒకటి అస్తమించేలోగా మరొకటి ఆ పనిని అందుకోవాలి.

ఉపగ్రహాలను పరస్పరం సంధానించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1998లో సేవ ప్రారంభించిన ఇరిడియం వ్యవస్థలో 66 ఉపగ్రహాలు 6 కక్ష్యాతలాలలో అమరి ఉన్నాయి. ప్రతి ఉపగ్రహమూ తనకు ముందు వెనుకల నున్నవాటితోను, ఇరుగుపొరుగు కక్ష్యలలోనివాటితోను రేడియో తరంగాల ద్వారా సంభాషిస్తుంది. మొదటి, చివరి కక్ష్యల నడుమ మాత్రం ఉపగ్రహాలు ఎదురెదురుగా పరుగెత్తడం వలన ఆ బంధం కుదరలేదు. 1999లో ఆ సంస్థ దివాలా తీసింది. అల్లిక మాత్రం చెడలేదు. 2019 నాటికి పాతవాటి స్థానంలో కొత్త ఉపగ్రహాలు వచ్చినా అదే అమరిక కొనసాగుతోంది.

దీనికి భిన్నంగా, 2022 అక్టోబరులోను, 2023 మార్చిలోను మన శ్రీహరికోట నుండి వెళ్లిన 72 వన్‌వెబ్ ఉపగ్రహాలకు పరస్పర బంధం లేదు. ప్రతి ఉపగ్రహానికీ వినియోగదారుడు, భూకేంద్రం ఒకేసారి కనబడాలి. ఈ పద్ధతిలో నిర్మాణం సులభం. కాని భూకేంద్రాలకు అందని నడిసముద్రంలో సేవ ఉండదు.

ఇది చిన్న లోపం కాదు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా దీవుల సముద్రగర్భ తీగ తెగింది. ప్రధాన ద్వీపంలో దానిని పునరుద్ధరించడానికి సుమారు 5 వారాలు పట్టింది. ఈలోగా ఉపగ్రహ సేవ అందించడానికి స్టార్‌లింక్ పొరుగునున్న ఫిజీలో భూకేంద్రం నెలకొల్పవలసి వచ్చింది. ఉపగ్రహాల నడుమ లేజర్ కిరణాలే వారధి అయితే, సమాచారం ఎంత దూరానైనా ఉన్న కేంద్రానికి చేరగలదు. పైగా శూన్యంలో కాంతి గాజు తంతువులో కంటె దాదాపు ఒకటిన్నర రెట్ల వేగంతో ప్రయాణిస్తుంది.

ఇట్టి బంధాల వలన సమాచారం దేశపు చట్టాలకు అందకుండా పోతుందని కొందరి శంక. అది సమంజసమే. అయితే ఆకాశంలో ఎంత దూరం తిరిగినా, తమ పౌరుల సమాచారం తమ నేలమీది కేంద్రం గుండానే సాగాలని ప్రభుత్వాలు శాసించవచ్చు. భారతదేశం అటువంటి నిబంధననే విధించింది. అది ఉండగా ఆకాశంలోని బంధాలను వద్దనడానికి నాకు కారణం కనిపించదు.