ఈతకు మించిన లోతు

‘ఈతకు మించిన లోతు లేదు’ అని తెలుగువారి సామెత. ఈదనేర్చినవానికి మడుగు ఎంత లోతైనను భయము లేదని దాని భావము. అమెరికాలో కళాశాల జట్టున ఈదవలెనని కోరు ఉన్నత పాఠశాల విద్యార్థికి మాత్రము నేడు ఈ సామెత ఊరట నీయజాలకున్నది. అతని నెదిరించు లోతు నీటిలో లేదు. విశ్వవిద్యాలయముల జమాఖర్చులలో నున్నది.

తెల్లవారకమునుపే లేచి కొలనున దిగి, పగలు బడికేగి, సాయంకాలము మరల నీటిలో శ్రమించు విద్యార్థులు ఆ దేశమున అనేకులు కలరు. వారి నేర్పునకు సిఫారసు అక్కరలేదు. 100 గజములు ఎంతసేపటిలో ఈదిరో గడియారము సెకండులో నూరవవంతు వరకు లెక్కించి చెప్పును. పాఠశాల పోటీలును కళాశాల పోటీలును సాధారణముగా 25 గజముల కొలనులలోనే జరుగును. కావున 17 ఏండ్ల బాలుడు కళాశాల ఈతగాండ్ర సరసన నిలువగలడో లేదో శిక్షకునకు ఒక్క చూపులో తెలియును. ఉన్నత పాఠశాలలో రెండవ సంవత్సరము ముగిసిన పిమ్మట, జూన్ 15వ తేదీనుండి, మొదటి శ్రేణి కళాశాలల శిక్షకులు విద్యార్థులతో సంప్రదింపులు జరుపవచ్చును.

ఇటీవలివరకు ఈ ఏర్పాటులో ఒక వెసులుబాటు ఉండెడిది. మొదటి శ్రేణిలో పురుషుల ఈత జట్టునకు 9.9, స్త్రీల జట్టునకు 14 పూర్తి ఉపకారవేతనములు మాత్రమే అనుమతింపబడినవి. శిక్షకులు వానిని ముక్కలు చేసి పలువురకు పంచెడివారు. కాని జట్టులో ఇందరే ఉండవలెనను జాతీయ నిబంధన లేకుండెను. వేతనము లేకున్నను ఈదుదునని వచ్చు బాలునకు కడపటి వరుసలోనైనను చోటు దొరకెడిది. అందరును ఒకే వయస్సున ఎదుగరు. ఆలస్యముగా బలము పుంజుకొను బాలురకు ఆ కడపటి చోటే నిజమైన తలుపు.

ఆ తలుపు నేడు ఇరుకైనది. 2020లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు ఈతగాడు గ్రాంట్ హౌస్, ఇతర క్రీడాకారులతో కూడి, జాతీయ కళాశాల క్రీడాసంఘమైన ఎన్.సి.ఏ.ఏ. పై దావా వేసెను. క్రీడాకారుల శ్రమవలన వచ్చు రాబడిలో వారికి పాలు లేకుండుట అన్యాయమని వారి వాదము. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఇరుపక్షముల రాజీని ఆమోదించిరి. దానినిబట్టి గతమునకు పరిహారముగా సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లింపవలెను. అంతేకాక, 2025–26లో ఒక్కొక్క విశ్వవిద్యాలయము సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు తన క్రీడాకారులకు నేరుగా పంచవచ్చును.

రాజీలో మరియొక అంశము కలదు. ఉపకారవేతనములపై పరిమితి తొలగినది. దానికి మారుగా తలల లెక్కపై పరిమితి వచ్చినది. ఒప్పందమున చేరిన విశ్వవిద్యాలయములలో ఈత, డైవింగు కలిసి పురుషులు 30 మంది, స్త్రీలు 30 మందికి మించరాదు. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సు పురుషుల సంఖ్యను 22కే కుదించినది. అదివరకే జట్టులలో నున్న కొందరికి మినహాయింపు లభించినది. కాని క్రొత్తగా రాబోవు బాలునకు ఆ నీడయు లేదు. దావాకు తన పేరిచ్చినవాడు ఈతగాడు. ఆ తీర్పు బరువు మోయుచున్నవారిలో ఈతగాండ్రును కలరు.

దీనినిబట్టి తీర్పు తప్పనుట సరికాదు. చెమటోడ్చినవానికి కూలి ముట్టవలసినదే. అయితే ఈతపోటీలకు టిక్కెట్లు కొని వచ్చువారు స్వల్పము. ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు ఆటల రాబడియే పెద్ద విశ్వవిద్యాలయములలో తక్కిన క్రీడలను పోషించుచు వచ్చినది. ఆ ఆటగాండ్రకు న్యాయమైన పాలు ముట్టినపుడు, లోటు పూడ్చుకొనుటకు అధికారుల చూపు కొలనుపై పడుచున్నది. కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయము 2025 మార్చిలో ఈత, డైవింగు జట్లను రద్దుచేయుచు, ఈ రాజీవలన కలుగు ఆర్థికభారమును ఒక కారణముగా చూపినది. ఇట్టి కోత మునుపును లేకపోలేదు. ఒలింపిక్ విజేతలను తీర్చిన యు.సి.ఎల్.ఏ. సైతము 1994లో పురుషుల ఈత జట్టును తొలగించినది.

అయినను దారులన్నియు మూసుకొనలేదు. మూడవ శ్రేణి కళాశాలలలోను, ఐవీ లీగునకు చెందిన 8 విశ్వవిద్యాలయములలోను క్రీడలకై ఉపకారవేతనములు లేవు. కాని ఈత జట్లు ఉన్నవి. అచ్చట ఈతతోపాటు చదువును తూచి చూతురు. మొదటి శ్రేణిలోనైనను పాఠశాలలో 16 ముఖ్య పాఠ్యవిషయములు పూర్తిచేయనివానికి ప్రవేశార్హత లేదు. గడియారము ఎంత మెచ్చుకొన్నను, పుస్తకము విడిచినవానికి దరి దొరకదు.

ఇచ్చట ఉపాధ్యాయుని మాటకు విలువ కలదు. శిక్షకుడు విద్యార్థిని ‘ఎంత వేగముగా ఈదగలవు?’ అని అడుగును. ఉపాధ్యాయుడు అడుగవలసినది వేరు: ‘రేపు ఆ జట్టు రద్దయిననాడును నీవు విడువక చదువదగిన కళాశాల ఏది?’ ఈ ప్రశ్నకు ముందే బదులు వెదకికొన్న విద్యార్థికి జమాఖర్చుల లోతు ఎంతయైనను మునుగుట యుండదు. సామెత అతనియెడల మరల నిజమగును.