మన కరపత్రం కలకత్తా చేరిందా?



మనోళ్లు రాయలేదని ఎవరన్నారు? 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత ఎన్ని కరపత్రాలు, ఎన్ని పాటల పుస్తకాలు వేసుకున్నాం! కూలి డబ్బుల్లోంచి రూపాయి రూపాయి చందా వేసుకొని అచ్చేయించినవి. ఇవాళ వాటిల్లో ఎన్ని మిగిలినయ్? వానకు నానినవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని, పొట్లాలకు పోయినవి కొన్ని.

దేశంలో పుస్తకాలు దాచే పెద్ద ఇల్లు కలకత్తాలోని జాతీయ గ్రంథాలయం. దాని పుట్టుక చూడండి. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ అని పెట్టారు. పేరుకే పబ్లిక్. 300 రూపాయలు కట్టినోళ్లు దానికి యజమానులు. ద్వారకానాథ్ ఠాగూర్ మొదటి యజమాని. పలకే పట్టనివ్వని మన తాతలకు ఆ మెట్లెక్కే దారేది? 1903లో కర్జన్ దాన్ని సర్కారీ ఇంపీరియల్ లైబ్రరీలో కలిపి జనానికి తెరిచాడు. 1948లో జాతీయ గ్రంథాలయం అయింది. 1953 నుంచి, ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ కాపురమున్న బెల్వెడేర్ బంగళాలో జనం చదువుకున్నారు. ఇప్పుడు అక్కడ 20 లక్షలకు పైగా పుస్తకాలున్నాయి. తెలుగుకు వేరే విభాగమే ఉంది. అశుతోష్ ముఖర్జీ కుటుంబం ఒక్కటే ఇచ్చినవి 80 వేల పైమాట. ఒక్క ఇంట్లో అన్ని పుస్తకాలు! మన వాడలన్నీ వెతికినా అన్ని దొరుకుతాయా?

అయితే 1954లో ఒక చట్టం వచ్చింది. పుస్తకం వేసినవాళ్లు 30 రోజుల్లోపు సొంత ఖర్చుతో ఒక ప్రతి ఈ గ్రంథాలయానికి పంపాలి. చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడింటికీ పంపాలి. 1956లో పత్రికల్నీ చేర్చారు. ఏ భాషలో వేసిన చిన్న కరపత్ర పుస్తకమైనా ఆ చట్టం లెక్కలో పుస్తకమే. అందినట్టు రసీదు కూడా ఇవ్వాలి. పంపినోడి కులం అడగమని అందులో ఎక్కడా లేదు.

"వాళ్ల బీరువాల్లో మన పుస్తకం ఎందుకు?" అంటారు కొందరు. ఆ బీరువా ఎవరి సొమ్ము? మనం అగ్గిపెట్టె కొని కట్టిన పన్ను కూడా అందులో లేదా? రేపు మన మనవడో మనవరాలో చుండూరు గురించి వెతికితే పోలీసు రాత, పెద్ద పత్రికల రాత మాత్రమే దొరకాలా? చచ్చినోళ్ల ఇంటోళ్లు చెప్పుకున్న మాట దొరకొద్దా?

సంఘాలకు నేను చెప్పేదొక్కటే. అచ్చయిన రోజే నాలుగు కాపీలు పక్కన పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త చేయండి. పాతవి ట్రంకుపెట్టెల్లో ఉంటే బయటికి తీయండి, జిరాక్సు తీయించి అవీ పంపండి. లోపల పెట్టకపోతే రసీదు చూపించి నిలదీద్దాం.

జై భీమ్!